ఎం.డి.ఎఫ్. షట్టర్లు: సి.ఎన్.సి. రౌటర్ మీద నగిషీ పని

వంటింటి అరలకు, వార్డ్‌రోబ్‌లకు, టీవీ యూనిట్లకు బిగించే తలుపులను ఇంటీరియర్ పనివాళ్లు షట్టర్లు అంటారు. ఎం.డి.ఎఫ్. బోర్డును, అంటే చెక్క పీచును నొక్కి చేసిన పలకను, అంకెల ఆజ్ఞలతో నడిచే చెక్కుడు యంత్రమైన సి.ఎన్.సి. రౌటర్ మీద పరిచి, దాని ముఖం మీద చట్రాలూ గాడులూ పూలతీగలూ చెక్కి, అదే బల్ల మీద కొలతకు కోసి తీసిన షట్టర్లు ఇవాళ ఇళ్లలో విరివిగా కనిపిస్తున్నాయి. చూడటానికి అయిదు ముక్కలు కలిపి బిగించిన చెక్క తలుపులా ఉంటుంది గానీ, ఉన్నది ఒక్క బోర్డే. ఈ పనిలో నాణ్యత, వేగం, ఖర్చు చాలావరకు, చెక్కే బిట్టును పట్టి తిప్పే స్పిండిల్ కదలడానికి ముందే, సాఫ్ట్‌వేర్‌లో ఆ బిట్టు నడిచే దారి నిర్ణయించే దగ్గరే తేలిపోతాయి. అందుకే ఈ వ్యాసంలో యంత్రం కన్నా ఆ దారికే ఎక్కువ చోటు ఇస్తున్నాం.

బోర్డు సంగతి

చెక్క వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుపోతుంది. ఈ కదలిక పొరకు, అంటే చెక్కలో పీచు నడిచే దిశకు, అడ్డంగా ఎక్కువ, పొర వెంబడి చాలా తక్కువ. ముసురు పట్టినప్పుడు తలుపు పట్టేయడం అందరికీ అనుభవమే. పాత వడ్రంగులు దీనికి కనిపెట్టిన ఉపాయం చట్రమూ పలకా. రెండు నిలువు పట్టీలు, రెండు అడ్డ పట్టీలతో చట్రం కట్టి, దాని లోపలి గాడిలో పలకను జిగురు పెట్టకుండా వదులుగా కూర్చోబెడతారు. పలక ఉబ్బినా తగ్గినా గాడిలోనే కదులుతుంది, తలుపు కొలత చెడదు. అవసరం కోసం పుట్టిన ఆ రూపానికే తరతరాలుగా మన కన్ను అలవాటు పడింది. ఎం.డి.ఎఫ్.కు ఆ అవసరం లేదు, అందులో అలాంటి పొరే లేదు. అయినా కన్ను కోరేది ఆ పాత చట్రాన్నే కాబట్టి, రౌటర్ దాన్ని బోర్డు ముఖం మీద చెక్కి చూపిస్తుంది.

ఎం.డి.ఎఫ్. వ్యాపార స్థాయిలో తయారవడం 1960ల మధ్యలో, అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో డిపాజిట్ అనే పట్టణంలో మొదలైంది. దుంగల బెరడు తీసి, ముక్కలు కొట్టి, ఆవిరిలో ఉడికించి, రెండు పళ్ల చక్రాల నడుమ నలిపితే చెక్క దూదిలాంటి పీచుగా విడిపోతుంది. దానికి యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు, కాస్త మైనం కలిపి, ఆరబెట్టి, పరుపులా పరిచి, వేడి ప్రెస్సులో నొక్కుతారు. సాధారణ ఎం.డి.ఎఫ్. ఘనపు మీటరుకు 600 నుంచి 800 కిలోల దాకా తూగుతుంది. మన దేశంలో దీనికి ఐ.ఎస్. 12406 ప్రమాణం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాళహస్తి సమీపాన రౌతు సూరమాల దగ్గర గ్రీన్‌ప్యానెల్ సంస్థ కర్మాగారం 2018లో ఉత్పత్తి ప్రారంభించింది. పొలం గట్టున పెరిగే జామాయిల్, సుబాబుల్ వంటి త్వరగా ఎదిగే చెట్లే ఈ పరిశ్రమకు ముడిసరుకు. వంటింటి పనికి తేమను ఎక్కువగా తట్టుకునే, మరింత దట్టమైన బోర్డులు కూడా దొరుకుతున్నాయి. సింకు కింది అరకు మామూలు ఎం.డి.ఎఫ్. వేయడం డబ్బు పారేసుకోవడమే.

చెక్కేవాడు గుర్తుంచుకోవలసిన గుణం ఒకటుంది. వేడి ప్రెస్సు పలకలు తగిలే రెండు ముఖాలూ ముందుగా గట్టిపడతాయి, నడుమ భాగం కాస్త వదులుగా మిగులుతుంది. 18 మి.మీ. బోర్డులో ఆరు మి.మీ. లోతు చెక్కితే ఆ వదులు పొర బయటపడుతుంది. అక్కడ పీచు నూగులా లేస్తుంది, ప్రైమర్‌ను ఇసుకలా పీల్చేస్తుంది. ముఖం మీద అద్దంలా మెరిసే రంగు గాడి అడుగున వెలిసిపోయినట్టు కనిపించడానికి కారణం ఇదే. పెయింటర్‌ను తప్పుపట్టే ముందు బిట్టు పదును చూడాలి.

యంత్రం

అంకెలతో యంత్రాన్ని నడిపే ఆలోచన చెక్కపని నుంచి రాలేదు. అమెరికాలో జాన్ పార్సన్స్ హెలికాప్టర్ రెక్కల పనిలో ఉండగా, వంపుల కొలతలను కార్డుల మీద రంధ్రాలుగా ఇచ్చి యంత్రాన్ని నడపవచ్చునని తలచాడు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ప్రయోగశాల ఆ దారిలో పనిచేసి 1952లో మొదటి అంకెల మిల్లింగ్ యంత్రాన్ని ప్రదర్శించింది. యంత్రానికి ఆజ్ఞలిచ్చే జి-కోడ్ తర్వాత ప్రమాణంగా స్థిరపడింది. నేటి రౌటర్లు కూడా ఆ భాషనే వింటాయి.

షట్టర్ల పనికి వాడేది మూడు అక్షాల రౌటర్. 2440 × 1220 మి.మీ. షీటు, అంటే మనవాళ్లు ఎనిమిది నాలుగు అనే షీటు, మొత్తంగా పట్టే బల్ల ఉంటుంది. దాని మీద అటూ ఇటూ నడిచే వంతెన, దానికి నిమిషానికి 18,000 నుంచి 24,000 చుట్లు తిరిగే స్పిండిల్. చిన్న యంత్రాల్లో బిట్టును చేత్తో మార్చాలి, పెద్దవాటిలో యంత్రమే మార్చుకుంటుంది. చేత్తో మార్చే యంత్రం మీద కూడా మంచి షట్టర్లు చేయవచ్చు, కాకపోతే పనిని బిట్ల వారీగా సర్దుకోవాలి. ఒక్కో షట్టర్‌ను మొదటి నుంచి చివరిదాకా చెక్కితే ఎనిమిది షట్టర్లకు మూడేసి బిట్ల చొప్పున ఇరవై నాలుగు మార్పులు. షీటంతా ఒక బిట్టు పని ముగించి తర్వాతి బిట్టు ఎక్కిస్తే మూడే.

గంట పని, మూడు నిమిషాల పని

450 × 700 మి.మీ. షట్టర్ ఒకటి తీసుకుందాం. చుట్టూ 65 మి.మీ. పట్టీ వదిలి, లోపల ఆరు మి.మీ. లోతు పలక, పట్టీ అంచున ఒక వంపు. లోపలి భాగం 320 × 570 మి.మీ. వస్తుంది.

కొత్తగా నేర్చుకున్న ఆపరేటర్ దీన్ని త్రీడీ బొమ్మగా చేసి, గుండ్రని మొన ఉన్న ఆరు మి.మీ. బాల్‌నోస్ బిట్టుతో, వరసకీ వరసకీ మధ్య 0.6 మి.మీ. ఎడంతో గీయిస్తాడు. 320 మి.మీ. వెడల్పుకు సుమారు 533 వరసలు, ఒక్కోటీ 570 మి.మీ. మొత్తం దారి 300 మీటర్లు దాటుతుంది. నిమిషానికి ఆరు మీటర్ల వేగంతో నడిచినా యాభై నిమిషాల పైమాటే. ప్రతి వరస చివరా యంత్రం ఆగి వెనక్కు తిరిగే సమయం దీనికి అదనం.

అనుభవమున్నవాడు అదే షట్టర్‌ను మూడు దారులుగా విడదీస్తాడు. పలక అడుగును 20 మి.మీ. చదును బిట్టుతో తీస్తే పన్నెండు మీటర్ల దారి, ఒకటిన్నర నిమిషం. అంచు వంపును, ఆ ఆకారంలోనే పదును పెట్టిన ప్రొఫైల్ బిట్టుతో ఒక్క చుట్టు తిప్పితే 1.8 మీటర్లు, సుమారు ఇరవై సెకన్లు. చివర షట్టర్‌ను చుట్టూ కోయడానికి మరో అర నిమిషం. అంతా కలిపి మూడు నిమిషాల లోపు. పైగా ప్రొఫైల్ బిట్టు నడిచిన చోట వంపు నున్నగా వస్తుంది, బాల్‌నోస్ నడిచిన చోట సన్నని చారలు మిగులుతాయి.

ఆ చారల లెక్క తెలిస్తే మేలు. వరసల ఎడాన్ని దానితోనే హెచ్చవేసి, బిట్టు గుండు వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే చార ఎత్తు వస్తుంది. ఆరు మి.మీ. బిట్టుకు 0.6 మి.మీ. ఎడం ఇస్తే ఎత్తు 0.015 మి.మీ. ఎడం రెట్టింపు చేసి 1.2 ఇస్తే పని సమయం సగమవుతుంది గానీ చార నాలుగింతలై 0.06 మి.మీ.కు చేరుతుంది. పేపరుతో రుద్దేవాడి చేతికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది. కాబట్టి పూలగుత్తి, హంస, కలశం లాంటి నిజమైన త్రీడీ నగిషీ ఉన్నంత మేరకే గీత గీసి, ఆ హద్దులోనే బాల్‌నోస్ నడపాలి. చదునుగా ఉన్న చోట దాన్ని నడపడం వృథా. త్రీడీ భాగానికి కూడా ముందు లావు బిట్టుతో మోటుగా తీసి, సన్న బిట్టుకు కొద్ది మందమే మిగల్చాలి.

మూలలు

గుండ్రంగా తిరిగే బిట్టు లోపలి మూలను గుండ్రంగానే వదులుతుంది. 12 మి.మీ. బిట్టు అయితే అసలు మూలకు 2.5 మి.మీ. దూరంలో ఆగిపోతుంది, ఆరు మి.మీ. బిట్టు 1.24 మి.మీ. దగ్గరకు పోతుంది. అందుకని పలకను లావు బిట్టుతో తీసి, నాలుగు మూలల్లో మిగిలిన కాస్తను మాత్రం చిన్న బిట్టుతో తీయమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పాలి. చాలా సాఫ్ట్‌వేర్లలో ఈ సదుపాయం ఉంది. పలకంతా చిన్న బిట్టుతో మళ్లీ తిప్పేవాళ్లను చూస్తే మనసు చివుక్కుమంటుంది.

వాలు అంచున్న డిజైన్లలో మూల ఇంకా అందంగా వస్తుంది. 90 డిగ్రీల వి-బిట్టు ఆరు మి.మీ. లోతున అంచు వెంట నడుస్తూ మూలకు చేరగానే, మూలగీత వెంబడి 8.5 మి.మీ. జరుగుతూ ఆరు మి.మీ. పైకి లేస్తుంది. సరిగ్గా మూల బిందువు దగ్గర దాని మొన బోర్డు ముఖానికి వస్తుంది. తర్వాత అదే దారిన కిందికి దిగి రెండో అంచు పట్టుకుంటుంది. రెండు వాలులు కలిసిన చోట కత్తితో గీసినంత సన్నని గీత ఏర్పడుతుంది, ఫోటో ఫ్రేమును 45 డిగ్రీలకు కోసి అతికినట్టుంటుంది. ఉలితో ఇంత పని చేయాలంటే నేర్పరి వడ్రంగికి కూడా ఒక్కో మూలకు నిమిషాలు పడతాయి. యంత్రానికి ఇది రెప్పపాటు. కాకపోతే వి-బిట్టు మొన అరిగినా, బోర్డు ఎత్తు సున్నా కొద్దిగా తప్పినా, గీత మూల చేరకముందే ఆగిపోతుంది లేదా దాటి పట్టీని గాయపరుస్తుంది. ప్రొఫైల్ బిట్టు చేసిన వంపుకు ఈ విద్య వర్తించదు, దాని మూల గుండ్రంగానే ఉంటుంది. ఆ విషయం గ్రాహకుడికి ముందే నమూనా చూపించి చెప్పాలి.

సాఫ్ట్‌వేర్

నగిషీ పనిలో చాలాకాలం వినబడిన పేరు ఆర్ట్‌క్యామ్. ఇంగ్లండ్‌లోని డెల్‌క్యామ్ సంస్థ తయారుచేసింది. 2014లో డెల్‌క్యామ్‌ను ఆటోడెస్క్ కొనుగోలు చేసింది, 2018లో ఆర్ట్‌క్యామ్ అమ్మకం ఆగింది. దాని వారసత్వం కార్వెకో పేరుతో సాగుతోంది. 2005లో మొదలైన వెక్ట్రిక్ సంస్థ వీకార్వ్, ఆస్పైర్ అనే సాఫ్ట్‌వేర్లు అందిస్తోంది. అల్మరా కొలతలిస్తే పెట్టె, అరలు, షట్టర్లు అన్నీ లెక్కగట్టే కేబినెట్ విజన్, మొజాయిక్, మైక్రోవెల్లమ్ లాంటివి వేరే తరహా.

ఏది వాడినా ఒక పొరపాటు మాత్రం తరచుగా జరుగుతుంది. 450 × 700 షట్టర్‌కు గీసిన డిజైన్‌ను 300 × 900 షట్టర్‌కు సాగదీస్తారు. దాంతో 65 మి.మీ. ఉండాల్సిన నిలువు పట్టీ 43కు తగ్గుతుంది, అడ్డ పట్టీ 84కు పెరుగుతుంది. వరసగా బిగించినప్పుడు వంటిల్లు వంకరగా కనిపిస్తుంది. పట్టీ వెడల్పు మారకుండా పలక మాత్రమే పెరిగేలా, తరిగేలా డిజైన్‌ను నియమంగా రాసుకోవాలి. బయటి హద్దు నుంచి 65 లోపలికి ఒక గీత, దానిమీద ఫలానా బిట్టు, ఫలానా లోతు అన్నది ఒకసారి నిర్ణయించి భద్రపరిస్తే, తర్వాత వెడల్పు, ఎత్తు, ఎన్ని కావాలన్న పట్టిక ఒక్కటి ఇస్తే చాలు. ఆ పట్టిక తయారు చేయడానికి పట్టే పూట, నెల తిరగకముందే వసూలవుతుంది.

తర్వాతిది నెస్టింగ్, అంటే షీటులో షట్టర్లను సర్దడం. మన 450 × 700 షట్టర్లను, బిట్టు దారికి 12 మి.మీ. ఎడంతో, అన్నింటినీ ఒకే దిశలో నిలబెడితే షీటుకు ఆరే వస్తాయి. వాటిలో ఒక వరుసను అడ్డం తిప్పితే ఆ వరుసలో అయిదు, పక్కన నిలువు వరుసలో మూడు, మొత్తం ఎనిమిది పడతాయి. షీటు వినియోగం 63 శాతం నుంచి దాదాపు 85 శాతానికి చేరుతుంది. పొర లేని బోర్డు కాబట్టే ఇలా తిప్పగలం. చెక్క చారలున్న లామినేటు అతికించిన బోర్డు అయితే ఈ స్వేచ్ఛ ఉండదు.

బల్ల మీద

షీటును కదలకుండా పట్టేది వాక్యూమ్. బల్ల మీద ముందుగా ఒక ఎం.డి.ఎఫ్. పలకను బలిపలకగా వేస్తారు, దీన్ని స్పాయిల్‌బోర్డు అంటారు. గట్టి ముఖపొరలు రెండూ చెక్కేస్తే ఎం.డి.ఎఫ్. గాలిని పోనిస్తుంది. పంపు గాలిని లాగితే పై షీటు అతుక్కుపోతుంది. వాక్యూమ్ సగం వాతావరణ పీడనం ఉన్నా చదరపు సెంటీమీటరుకు అర కిలో బలం. మన షట్టర్ మీద లెక్క ప్రకారం 1,500 కిలోలకు పైగా పడుతుంది. అదే 60 × 140 మి.మీ. చిన్న ముక్క మీద 42 కిలోలే, గాలి కారితే అది కూడా ఉండదు. అందుకే చిన్న ముక్కలను షీటు అంచుల్లో కాకుండా నడుమ సర్దాలి, చుట్టూ షీటు ఇంకా తెగకుండా ఉండగానే వాటిని ముందు కోయాలి. చెక్కుడు పనంతా అయ్యాకే బయటి కోత. ఆ కోతలో అడుగున 0.5 మి.మీ. పొర వదిలి, చివరి చుట్టులో దాన్ని తీస్తే ముక్క జరగదు. ఉల్లిపొరలాంటి ఆ సన్నని పొర ఎన్నో షట్టర్లను కాపాడుతుంది.

ఎత్తు సున్నా ఎక్కడ పెట్టాలన్నది మరో ప్రశ్న. బోర్డు మందం షీటు షీటుకూ కొద్దిగా మారుతుంది. నగిషీ లోతు షట్టర్ షట్టర్‌కూ తేడా రాకూడదంటే సున్నా బోర్డు ముఖం మీద పెట్టాలి. పూర్తిగా తెగాలంటే, బలిపలక పాడవకూడదంటే, సున్నా బల్ల మీద ఉండాలి. రెండూ కావాలంటే ప్రతి షీటు మందాన్నీ కొలిచి సాఫ్ట్‌వేర్‌లో రాయడమే మార్గం.

వేగం విషయంలో చాలామంది భయపడి తప్పు చేస్తారు. రెండు పళ్ల బిట్టు నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతూ 10.8 మీటర్లు నడిస్తే, ఒక్కో పన్ను 0.3 మి.మీ. మందం కొరుకుతుంది. జాగ్రత్త పేరుతో నడకను మూడు మీటర్లకు తగ్గిస్తే పన్నుకు అందేది 0.08 మి.మీ. అప్పుడు పన్ను కొరకడం మాని రుద్దుతుంది. జిగురు మాడిన వాసన వస్తుంది, అంచు నల్లబడుతుంది, బిట్టు త్వరగా మొద్దుబారుతుంది. యంత్రం వణుకుతోందని నడక తగ్గించాల్సి వస్తే చుట్లు కూడా తగ్గించాలి. సన్న బిట్టుకు ఈ కొరుకుడు తక్కువగానే ఉండాలి, లేకపోతే విరుగుతుంది.

వెనక వైపు

కప్పు హింజ్‌కు వెనక 35 మి.మీ. వ్యాసంతో సుమారు 12 మి.మీ. లోతు గుంట పడుతుంది. దాని కేంద్రం షట్టర్ అంచుకు 22 మి.మీ. దూరంలో ఉంటే గుంట దాదాపు 40 మి.మీ. దాకా లోపలికి వస్తుంది. 18 మి.మీ. బోర్డులో దాని వెనక మిగిలేది ఆరు మి.మీ. ముందు వైపు అదే చోట ఆరు మి.మీ. గాడి వచ్చిందంటే రెండూ కలిసి షట్టర్‌కు కన్నం పడుతుంది. పట్టీ వెడల్పు 50 మి.మీ. పైన ఉంచమనడం ఇందుకే. సన్న పట్టీ కోరే గ్రాహకుడికి ఈ లెక్క కాగితం మీద గీసి చూపించాలి.

ఒకే ముఖం చెక్కిన బోర్డుకు ఒకవైపు గట్టిపొర పోయి రెండోవైపు నిలిచి ఉంటుంది. తేమ రెండు వైపులా ఒకేలా చేరదు. ఏడడుగుల వార్డ్‌రోబ్ షట్టర్లు విల్లులా వంగడానికి ఇదొక ముఖ్య కారణం. వెనక వైపు కూడా ముందు వైపు వేసినన్ని కోట్లు సీలర్, ప్రైమర్ వేస్తే చాలావరకు తగ్గుతుంది. మెంబ్రేన్ ప్రెస్సులో పి.వి.సి. రేకు కప్పే షట్టర్లకు అయితే బయటి అంచులను కొద్దిగా గుండ్రం చేయాలి, పదునైన మూల దగ్గర రేకు పలచబడి కొన్నాళ్లకు లేచిపోతుంది. నిలువుగా దిగే లోతైన సన్న గాడిలోకి రేకు దిగదు. ఏ పూత వేస్తారో తెలియకుండా డిజైన్ గీయకూడదు.

దుమ్ము

ఎం.డి.ఎఫ్. చెక్కితే వచ్చేది పెళుసు రవ్వ కాదు, పిండి. గాలిలో చాలాసేపు తేలుతుంది, మూసిన గదిలో దట్టంగా చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క దుమ్మును 1995లో, బోర్డు జిగురులో ఉండే ఫార్మాల్డిహైడ్‌ను 2004లో, మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఫార్మాల్డిహైడ్ తక్కువగా వదిలే బోర్డులకు ఇ1, ఇ0 గుర్తులుంటాయి, కొనేటప్పుడు అడిగి తీసుకోవాలి. చేతిరుమాలు ముఖానికి కట్టుకుని రోజంతా యంత్రం పక్కన నిలబడే కుర్రాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఆ గుడ్డ ఈ పిండిని ఆపదు. షాపు పెట్టే ప్రతి ఒక్కరికీ ఒక మనవి: స్పిండిల్ చుట్టూ కుచ్చు, దానికి దుమ్ము లాగే గొట్టం, పనిచేసే మనిషికి సరైన వడపోత మాస్కు, ఈ మూడూ బిగించాకే మొదటి షీటు బల్ల మీదకు ఎక్కించండి.